డ్రాగన్‌ను వదలండి, ఎల్ఫ్‌ను కొట్టండి

మ్యాజిక్ ద గ్యాదరింగ్ ఆడేవాళ్ళకు రిమూవల్ కార్డుల మీద దొరికే సలహాలన్నీ ఒకటే పాట పాడతాయి. మీ రంగులో అన్నిటికన్నా బలమైన రిమూవల్ చూసుకుని నాలుగు కాపీలు పెట్టండి. షరతులున్న కార్డు జోలికి పోకండి. చిన్న క్రీచర్ మీద వృథా చేయకండి, పెద్దది దిగేదాకా దాచుకోండి. ఎదుటివాడికి లాభం చేసే కార్డు వాడకండి. క్రీచర్ల డెక్‌లో టేబుల్ మొత్తాన్నీ ఊడ్చేసే కార్డు పెట్టకండి. ఈ ఐదింటినీ నేను ఒప్పుకోను. ఎర్రుపాలెంలో ఆడేవాళ్ళకైతే ఐదింటికీ ఉల్టా చెప్తాను. వినగానే తప్పనిపిస్తాయి కానీ ప్రతిదాని వెనకా లెక్క ఉంది. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

ఎర్రుపాలెం పేరు ఊరికే తీసుకురాలేదు. ఖమ్మం జిల్లా దక్షిణపు కొసన, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న మండల కేంద్రం ఇది. ఖమ్మం నుంచి విజయవాడ వైపు రైల్లో వస్తుంటే మధిర దాటాక తగులుతుంది. ఇలాంటి ఊళ్ళో కార్డుల ఆట అంటే తెలిసిన నలుగురైదుగురే. ఈ ఆదివారం ఎదుట కూర్చున్నవాడే వచ్చే ఆదివారమూ కూర్చుంటాడు. వాడి డెక్‌లో ఏముందో మీకు తెలుసు, మీ డెక్‌లో ఏముందో వాడికి తెలుసు. సలహాలు రాసేవాళ్ళు మాత్రం పెద్ద టోర్నమెంట్లను మనసులో పెట్టుకుని రాస్తారు. అక్కడ రౌండు రౌండుకూ ముఖం తెలియనివాడు ఎదురవుతాడు, వాడి డెక్‌లో ఏమైనా ఉండొచ్చు. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఆడటానికి పుట్టిన సూత్రాలను తెచ్చి బావమరుదుల మధ్య ఆటకు పెడితే పనిచేయవు.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గణితంలో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ తయారుచేయగా, 1993లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ దీన్ని విడుదల చేసింది. ఇద్దరు ఆటగాళ్ళు, చెరి 20 లైఫ్. కనీసం 60 కార్డుల డెక్‌ను ఎవరిది వాళ్ళే కట్టుకుని వస్తారు. మామూలు ల్యాండ్లు తప్ప ఏ కార్డూ నాలుగు కాపీలకు మించకూడదు. వంతుకొక ల్యాండ్ పరుస్తారు. ల్యాండ్ల నుంచి మానా వస్తుంది, ఆ మానా ఖర్చుపెట్టి క్రీచర్లను దించుతారు, అవి వెళ్ళి ఎదుటివాడి లైఫ్ తగ్గిస్తాయి. ఎదుటివాడు దించిన క్రీచర్‌ను అడ్డు తప్పించే కార్డే రిమూవల్. చంపడం ఒక పద్ధతి. ఆటలోంచే బహిష్కరించడం, చేతిలోకి తిప్పి పంపడం, ఉన్నచోటే కట్టిపడేయడం మిగతా పద్ధతులు.

ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా ఒక మాట. కార్డులు కనిపించగానే పేకాట అనుకోవడం సహజమే. డబ్బు పెట్టి పేక ఆడటం తెలంగాణ గేమింగ్ చట్టం కింద నేరం, 2017 సవరణతో డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ కూడా దాని కిందికే వచ్చింది. మనం ఆడే దాంట్లో పందెం లేదు. పిల్లలు తలుపులు వేసుకుని కాకుండా వరండాలో కూర్చుని ఆడితే, అనుమానం దానంతటదే పోతుంది.

ముందు మనుషుల జాబితా

కార్డులు ఎంచుకోవడానికి కూర్చున్నప్పుడు కార్డులు ముందర వేసుకోకండి. ఒక నోటుబుక్కు తీసుకుని, మీరు ఎవరెవరితో ఆడతారో వాళ్ళ పేర్లు రాయండి. ఒక్కో పేరు కింద వాళ్ళు తరచుగా దించే క్రీచర్లు రాయండి. ఒక్కో క్రీచర్ పక్కన నాలుగు సంగతులు ఉండాలి: ఎన్ని మానాలకు దిగుతుంది, ఏ రంగు, టఫ్‌నెస్ ఎంత (అంటే ఎంత డ్యామేజ్ తగిలితే చస్తుంది), దిగగానేగానీ చచ్చిపోగానేగానీ ఏమైనా ఇస్తుందా. ఈ కాగితం తయారైతే రిమూవల్ ఎంపిక సగానికి పైగా అయిపోయినట్టే.

షరతులున్న కార్డుల సంగతి ఈ కాగితం చూస్తేనే తెలుస్తుంది. నలుపు రంగులో డూమ్ బ్లేడ్ అనే కార్డు 2009లో వచ్చింది. రెండు మానాలు పెడితే ఏ క్రీచర్‌నైనా చంపుతుంది, నల్ల క్రీచర్‌ను తప్ప. 2012లో వచ్చిన మర్డర్‌కు అలాంటి షరతేమీ లేదు, దేన్నైనా చంపుతుంది. కానీ దానికి మూడు మానాలు కావాలి, అందులో రెండు నల్లవే కావాలి. షరతు లేనిది మంచిది కదా అని అందరూ మర్డర్ వైపు చూస్తారు. నేను ముందు కాగితం చూడమంటాను. మీతో ఆడేవాళ్ళలో నలుపు కట్టేవాడు ఎవరూ లేకపోతే డూమ్ బ్లేడ్‌కు ఉన్న షరతు మీకు తగలనే తగలదు. తగలని షరతుకు బదులుగా ఒక మానా మిగులుతుంది, రెండో నల్ల ల్యాండ్ కోసం ఎదురుచూసే బాధా తప్పుతుంది. రెండు రంగుల డెక్ కట్టేవాళ్ళకు ఇది చిన్న లాభం కాదు. రెండో వంతులోనే ఎదుటివాడి క్రీచర్‌ను తీసేసినవాడికీ, మూడో వంతుదాకా చేతులు కట్టుకుని కూర్చున్నవాడికీ మధ్య ఒక దెబ్బ తేడా ఉంటుంది.

అంటే షరతనేది ధరలో తగ్గింపు. తెలియనివాళ్ళతో ఆడేటప్పుడు ఆ తగ్గింపు తీసుకోవడం జూదం. తెలిసినవాళ్ళతో ఆడేటప్పుడు తీసుకోకపోవడం దండగ. 2011లో వచ్చిన గో ఫర్ ద త్రోట్‌ది కూడా ఇదే దారి. రెండు మానాలు, ఆర్టిఫ్యాక్ట్ క్రీచర్లను మాత్రం ముట్టదు. మీ గుంపులో ఒకరు నల్ల డెక్‌కు మారిన వారమే డూమ్ బ్లేడ్లు తీసి ఇవి పెట్టుకోవచ్చు. 2017లో వచ్చిన ఫేటల్ పుష్‌కు ఒక్క మానా చాలు. మామూలుగా అది రెండు మానాలలోపు క్రీచర్లను చంపుతుంది, ఆ వంతులో మీవైపు నుంచి ఏదైనా టేబుల్ విడిచిపోయి ఉంటే నాలుగు మానాల దాకా పోతుంది. కాగితం మీద ఒకటి, రెండు మానాల క్రీచర్లే ఎక్కువ కనిపిస్తే దీన్ని మించింది లేదు. మీ చెల్లెలు ఐదు, ఆరు మానాల దేవదూతలనే దించే రకమైతే అదే కార్డు చేతిలో కాగితం ముక్కగా మిగిలిపోతుంది.

ఎరుపు రంగువాళ్ళు టఫ్‌నెస్ గడి చూసుకోవాలి. 1993 నాటి మొదటి సెట్ నుంచీ ఉన్న లైట్నింగ్ బోల్ట్ ఒక్క మానాకు 3 డ్యామేజ్ కొడుతుంది. షాక్ అదే ధరకు 2 కొడుతుంది. బోల్ట్ గొప్పదని నేనూ ఒప్పుకుంటాను. అయితే కాగితం మీద క్రీచర్లలో ఎక్కువ భాగం 4 టఫ్‌నెస్‌వి ఉంటే నాలుగు బోల్ట్‌లు పెట్టి ఏం లాభం? అన్నీ 2కు లోపే ఉంటే బోల్ట్‌లు దొరకలేదని దిగులు పడక్కర్లేదు, షాక్‌తోనే పని జరిగిపోతుంది.

మొదటి వంతులో ఎల్ఫ్‌ను చంపండి

రిమూవల్‌ను పెద్ద క్రీచర్ కోసం దాచుకోమనే సలహాతో నాకు అన్నిటికన్నా ఎక్కువ పేచీ. ఆకుపచ్చ డెక్‌వాడు మొదటి వంతులో లానోవార్ ఎల్వ్స్ దించుతాడు. ఒక మానా, 1/1 క్రీచర్ (పవర్ 1, టఫ్‌నెస్ 1), దాన్ని పక్కకు తిప్పితే ఒక ఆకుపచ్చ మానా ఇస్తుంది. దాని మీద లైట్నింగ్ బోల్ట్ వేస్తే చూసేవాళ్ళు నవ్వుతారు, 3 డ్యామేజ్ కొట్టే కార్డును ఒక్క టఫ్‌నెస్ ఉన్నదానికి ఖర్చు పెడతావా అని. ఖర్చు పెట్టాల్సిందే.

లెక్క చూడండి. వంతుకొక ల్యాండ్ పడుతుందనుకుంటే ఎల్ఫ్ లేనివాడికి రెండో వంతులో రెండు మానాలు, మూడో వంతులో మూడు. ఎల్ఫ్ బతికి ఉన్నవాడికి రెండో వంతులోనే మూడు, మూడో వంతులో నాలుగు. ఒక వంతు ముందుకు దూకినట్టే. ఎల్ఫ్ దిగిన వంతులో మానా ఇవ్వలేదు, మళ్ళీ తన వంతు వచ్చాకే ఇస్తుంది. వాడు ముందు ఆడి ఎల్ఫ్ దించితే, మీరు మీ మొదటి వంతులోనే దాన్ని కొట్టేయండి. దాని నుంచి వాడికి ఒక్క మానా కూడా రాకుండా పోతుంది. వాడిది ఒక కార్డు పోయింది, మొదటి వంతు వృథా అయింది. ఒక వంతు ఆలస్యం చేస్తే ఆ ఒక్క మానాతో వాడు మూడు మానాల క్రీచర్‌ను దించి ఉంటాడు, అప్పుడు ఎల్ఫ్ చచ్చినా దాని పని అది చేసిపెట్టి పోయినట్టే.

మానా ఇచ్చే ఇలాంటి చిన్నవాటిలో ప్రసిద్ధమైంది బర్డ్స్ ఆఫ్ పారడైజ్. పిట్ట కనిపిస్తే బోల్ట్ వేయమనే మాట ఈ ఆట ఆడే పాతకాపుల నోట ఎప్పటినుంచో ఉంది. కొత్తవాళ్ళు మాత్రం నమ్మరు. ఆరు మానాల డ్రాగన్‌ను చూసి భయపడతారు, ఆ డ్రాగన్‌ను ముందుగా తెచ్చేది పిట్టేనని గమనించరు. ఇలాంటి పిట్టల మీదా ఎల్ఫ్‌ల మీదా ఆధారపడి తక్కువ ల్యాండ్లతో డెక్ కట్టేవాళ్ళుంటారు. వాళ్ళ చేతిలో రెండు ల్యాండ్లూ ఒక ఎల్ఫూ ఉన్నప్పుడు ఆ ఎల్ఫ్ పోతే, మూడో ల్యాండ్ పడేదాకా వాళ్ళకు ఆట లేదు. చేతిలో డ్రాగన్ ఉండొచ్చు, అది చేతిలోనే ఉంటుంది. దిగని డ్రాగన్‌కు రిమూవల్ అక్కర్లేదు.

ఈ సలహాకు గడువుంది. ఎల్ఫ్‌ను కొట్టాల్సింది మొదటి రెండు వంతుల్లోనే. ఎనిమిదో వంతులో దిగిన ఎల్ఫ్‌ను పట్టించుకోకండి, అప్పటికి వాడికి మానాకు కొదవ ఉండదు. అందుకే కొనేటప్పుడు, కట్టేటప్పుడు ఒక్క మానా రిమూవల్‌కే పెద్దపీట వేయండి. మూడు మానాల మర్డర్ ఎంత గొప్పదైనా మొదటి వంతులో దానితో ఏ పనీ జరగదు.

చేతిలో రిమూవల్ ఉంది, ఎదుట క్రీచర్ ఉంది, మీ దగ్గర మానా ఉంది. వేసేయండి. వాడని మానా వంతు ముగిశాక మిగలదు. ఇంతకన్నా పెద్దది వస్తుందేమోనని ఆగిన ప్రతి వంతూ ఎదుట ఉన్నది మిమ్మల్ని కొడుతూనే ఉంటుంది. 1999లో మైక్ ఫ్లోరెస్ రాసిన ఒక వ్యాసాన్ని ఈ ఆట ఆడేవాళ్ళు ఇప్పటికీ చదువుతారు. ప్రతి ఆటలోనూ ఒకరు దాడి చేసేవాడు, ఒకరు కాచుకునేవాడు, ఎవరు ఏ పాత్రలో ఉన్నారో తప్పుగా అనుకున్నవాడు ఓడిపోతాడని దాని సారాంశం. మీరు దాడి చేసేవాళ్ళయితే మీ దారికి అడ్డుపడే ప్రతి చిన్న క్రీచర్ మీదా రిమూవల్ వేయడంలో తప్పే లేదు. కాచుకునే డెక్ కట్టినవాళ్ళు మాత్రం ఆగొచ్చు. అయితే మన ఊరి టేబుల్ మీద కాచుకునే డెక్‌లు నాకు అరుదుగానే కనిపిస్తాయి. మనవాళ్ళకు దాడి ఇష్టం.

ఎదుటివాడికి ఇచ్చి పుచ్చుకోండి

తెలుపు రంగులో రెండు గొప్ప కార్డులున్నాయి, రెంటికీ ఒక్కో మానాయే. 1993 నాటి స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ క్రీచర్‌ను బహిష్కరిస్తుంది, దాని పవర్ ఎంతో అంత లైఫ్ యజమానికి ఇస్తుంది. 2009 నాటి పాత్ టు ఎగ్జైల్ కూడా బహిష్కరిస్తుంది, బదులుగా యజమాని తన డెక్‌లోంచి ఒక మామూలు ల్యాండ్ వెతికి టేబుల్ మీద పెట్టుకోవచ్చు. శత్రువుకు మేలు చేయడమేమిటని చాలామంది వీటిని పక్కన పెడతారు. నేను వీటినే ముందు తీసుకోమంటాను, ఎందుకంటే ఇచ్చేదాని విలువ మీ చేతిలోనే ఉంటుంది.

లైఫ్ ఇవ్వడం ఎవరికి నష్టం? ఎరుపు డెక్ కట్టి, 20 లైఫ్‌ను బోల్ట్‌లతో లెక్కపెట్టుకుంటూ తగ్గించేవాడికి. అలాంటివాడికి 5 లైఫ్ ఇచ్చేయడమంటే దాదాపు రెండు బోల్ట్‌లు పారేసుకోవడమే. పెద్ద క్రీచర్‌తో నాలుగైదు దెబ్బల్లో ముగించేవాడికి ఆ 5 లైఫ్ ఒకటి రెండు దెబ్బల పాటిదే. మీది అలాంటి డెక్ అయితే స్వోర్డ్స్ మీద సందేహం వద్దు.

పాత్ సంగతి వేరు. ల్యాండ్ ఇవ్వడం ఆట మొదట్లో పెద్ద కానుక, ఆట చివర్లో చిల్లర. పైన చెప్పిన ఎల్ఫ్ మీద పాత్ మాత్రం వేయకండి. ఒక మానా ఇచ్చే ఎల్ఫ్‌ను తీసేసి ఒక మానా ఇచ్చే ల్యాండ్ చేతికిస్తే, మీ కార్డు పోవడం తప్ప మారిందేమీ లేదు. పాత్‌ను ఆరో వంతు తర్వాతి పెద్దవాటికి కేటాయించండి. ఎల్ఫ్‌లకు స్వోర్డ్స్ వాడుకోండి, వాడికి దక్కేది ఒక్క లైఫే. రెండూ తెల్లవే, రెండూ ఒక్క మానావే అయినా వాటి పనులు వేరు. నాలుగు కాపీల చొప్పున రెండూ పెట్టుకుని ఏది దొరికితే అది వేసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

చంపనివాటిని ఎంచుకోండి

పాసిఫిజమ్ అనే కార్డు 1996లో వచ్చింది. తెలుపు, రెండు మానాలు, ఎక్కడైనా తేలిగ్గా దొరికే కామన్. ఒక క్రీచర్‌కు తగిలిస్తే అది దాడి చేయలేదు, అడ్డుకోలేదు. కానీ చావదు, టేబుల్ మీదే ఉంటుంది. కొత్తవాళ్ళకు ఇది సగం పనిలా కనిపిస్తుంది. చంపే కార్డు దొరికేదాకా గడవడానికి పెట్టుకున్న సరుకులా చూస్తారు.

మన గుళ్ళ రాతి అరుగుల మీద గీతలు చెక్కి ఆడే పులిజూదం గుర్తుచేసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని తీసేస్తుంది. మేకలకు పులిని తీసేసే హక్కే లేదు. అయినా మేకలవాడు గెలుస్తాడు, మూడు పులులకూ కదిలే చోటు లేకుండా చేసి. బలగం చెక్కుచెదరకుండా పులులు ఓడిపోతాయి. మేకల పక్షాన ఆడి పండినవాళ్ళకు పాసిఫిజమ్ ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

చంపితే వచ్చే చిక్కులు కాగితం మీది నాలుగో గడిలో ఉంటాయి. డూమ్డ్ ట్రావెలర్ అని 2011లో వచ్చిన ఒక్క మానా తెల్ల క్రీచర్ ఉంది. చంపితే దాని బదులు ఎగిరే ఆత్మ ఒకటి పుడుతుంది. చంపడం వల్ల ఇంకా ఇబ్బందే. నలుపు డెక్‌వాడు గ్రేవ్‌డిగ్గర్ దించి, మీరు చంపిన క్రీచర్‌ను గ్రేవ్‌యార్డ్ (చచ్చినవి చేరే కుప్ప) నుంచి చేతిలోకి తెచ్చుకుంటాడు. రెండుసార్లు చంపాలంటే రెండు కార్డులు కావాలి. పాసిఫిజమ్ కింద పడున్న క్రీచర్ గ్రేవ్‌యార్డ్‌కు పోలేదు కాబట్టి తిరిగి రాలేదు. మీ గుంపులో గ్రేవ్‌యార్డ్‌తో ఆడేవాడు ఉంటే చంపే కార్డులు తగ్గించి ఇవి పెంచండి.

పాసిఫిజమ్ పనికిరాని చోట్లూ చెప్పాలి. ఎల్ఫ్ మీద అది దండగ, ఎందుకంటే ఎల్ఫ్ కొట్టడానికి పుట్టలేదు, మానా ఇవ్వడానికి పుట్టింది. కట్టేసినా ఇస్తూనే ఉంటుంది. పక్కకు తిప్పి పనిచేసే క్రీచర్ల కోసం 1999లో వచ్చిన అరెస్ట్ ఉంది. మూడు మానాలు పడుతుంది కానీ ఆ పనులను కూడా ఆపుతుంది. ఇక మీ గుంపులో డిసెన్‌చాంట్ లాంటి కార్డులు పెట్టేవాడుంటే, వాడు మీ పాసిఫిజమ్‌ను చించేసి క్రీచర్‌ను విడిపించుకుంటాడు. తన క్రీచర్‌ను తానే బలిచ్చుకుని లాభం పొందే డెక్ మీద కూడా ఇది నిలవదు. అందుకే మళ్ళీ కాగితం చూడమంటున్నాను. వీటిని ఎవరూ పెట్టరని తెలిస్తే రెండు మానాల్లో తెలుపుకు ఇంతకన్నా మంచి రిమూవల్ ఏముంది?

దిగగానే పని ముగించేసుకునే క్రీచర్ల మీద రిమూవల్ పెట్టకండి. మల్‌డ్రిఫ్టర్ ఐదు మానాలకు దిగి వెంటనే రెండు కార్డులు ఇస్తుంది. మిగిలేది 2/2 ఎగిరే చేప. దాన్ని చంపినా ఆ రెండు కార్డులు వెనక్కి రావు. అన్‌సమన్‌తో చేతిలోకి పంపితే ఇంకా ఘోరం, మళ్ళీ దించి మళ్ళీ రెండు తీసుకుంటాడు.

ఊడ్చేసే కార్డు ఒక్కటి ఉంచండి

రాత్ ఆఫ్ గాడ్ నాలుగు మానాలు. టేబుల్ మీదున్న క్రీచర్లన్నిటినీ, మీవీ వాళ్ళవీ, తుడిచేస్తుంది. క్రీచర్లతో గెలిచే డెక్‌లో దీనికి చోటు లేదని అందరూ అంటారు. మీ క్రీచర్లను మీరే చంపుకుంటారా అని అడుగుతారు. అయినా ఒక్క కాపీ పెట్టండి.

60 కార్డుల డెక్‌లో ఒక్క కాపీ అంటే, ముందు ఆడేవాడు ఆరో వంతుకల్లా పన్నెండు కార్డులు చూస్తాడు కాబట్టి, ఐదు ఆటల్లో ఒకదాంట్లో కనిపిస్తుంది. అంతే. కానీ మనం ఆడేది తెలిసినవాళ్ళతో. మీ డెక్‌లో ఊడ్చే కార్డు లేదని వాళ్ళకు ఒకసారి తెలిసిపోతే, ఉన్న క్రీచర్లన్నీ భయం లేకుండా టేబుల్ మీదికి దించేస్తారు. ఒక్కసారి వాళ్ళ ఐదు క్రీచర్లను ఊడ్చి చూపించండి. తర్వాత చాలా వారాలు, నాలుగు మానాలు మీ దగ్గర కనిపించిన ప్రతిసారీ చేతిలో ఒకటి రెండు క్రీచర్లు ఆపుకుంటారు. వాళ్ళు దించకుండా ఆపుకున్న ప్రతి క్రీచరూ మీరు కార్డు ఖర్చుపెట్టకుండా తీసేసినట్టే. టోర్నమెంట్‌లో ఈ లాభం ఉండదు, అక్కడ మీ మీద అనుమానం తర్వాతి రౌండుకు వెంటరాదు.

అందుకే, మీ డెక్ వాళ్ళకు పూర్తిగా తెలిసిపోకుండా వారానికి ఒక్క రిమూవల్ మార్చండి. డూమ్ బ్లేడ్ ఒకటి తీసి డయాబాలిక్ ఈడిక్ట్ ఒకటి పెట్టండి. 1997 నాటి ఈ కార్డు క్రీచర్‌ను కాదు, ఆటగాణ్ణి లక్ష్యం చేసుకుంటుంది. నీ క్రీచర్లలో ఒకదాన్ని నువ్వే బలివ్వు అంటుంది. హెక్స్‌ప్రూఫ్ ఉన్న, అంటే ఎదుటివాడి కార్డులు లక్ష్యం చేసుకోలేని, స్లిప్పరీ బోగుల్‌కు కవచాల మీద కవచాలు తగిలించి, ఎవరి రిమూవలూ తగలదన్న ధీమాతో దాడి చేసేవాడు గుంపుకొకడు ఉంటాడు. వాడి దగ్గర ఉన్నది ఆ ఒక్క క్రీచరే. ఈడిక్ట్ వేస్తే బోగుల్ పోతుంది, దానికి తగిలించినవన్నీ పోతాయి. పక్కన పనికిరాని చిన్న క్రీచర్లు నాలుగు పెట్టుకునేవాడి మీద మాత్రం ఇది వేయకండి, వాటిలో ఒకదాన్ని ఇచ్చి తప్పించుకుంటాడు.

ఆకుపచ్చవాళ్ళు రిమూవల్ లేదని దిగులు పడుతుంటారు. 2011లో వచ్చిన ప్రే అపాన్ ఒక్క మానాకు మీ క్రీచర్‌తో వాళ్ళ క్రీచర్‌కు పోరు పెడుతుంది. ఎదుటివాడు ఎరుపు ఆడితే, పోరు మొదలయ్యే లోపే మీ క్రీచర్‌ను బోల్ట్‌తో చంపేస్తాడు, మీకు రెండు కార్డులు పోతాయి. అలా మధ్యలో దూరే కార్డులు లేనివాళ్ళ మీద ధైర్యంగా వాడుకోండి.

ఎన్ని పెట్టాలి

మొదటి చేతి ఏడు కార్డుల్లో కనీసం ఒక రిమూవల్ ఉండే అవకాశం లెక్కేస్తే, 60 కార్డుల్లో 4 రిమూవల్స్ పెట్టినప్పుడు 40 శాతం. 8 పెడితే 65 శాతం. 12 పెడితే 81 శాతం. మొదటి నాలుగు 40 ఇచ్చాయి, తర్వాతి నాలుగు 25 ఇచ్చాయి, ఆ తర్వాతి నాలుగు 16 మాత్రమే కలిపాయి. ఎనిమిది దాటాక ఒక్కో కార్డుకూ దక్కేది తగ్గిపోతుంది. పైగా రిమూవల్ మీకు ఆట గెలిపించదు, ఓడిపోకుండా కొంతసేపు ఆపుతుంది. ఎనిమిది ఒక్క మానా, రెండు మానాల రిమూవల్స్, ఒక ఊడ్చే కార్డు. ల్యాండ్లు పోగా మిగిలిన చోటు గెలిపించే క్రీచర్లకు ఇవ్వండి.

ఫోన్లో మ్యాజిక్ అరీనా ఆడేవాళ్ళు ఈ సలహాలు గుడ్డిగా తీసుకోవద్దు. 2021 నుంచి అది ఫోన్లలో వచ్చింది, డబ్బు పెట్టకుండా మొదలుపెట్టవచ్చు, మన ఊళ్ళో చాలామందికి ఈ ఆట తెలిసింది దాని ద్వారానే. అక్కడ ఎదురయ్యేది ముక్కూ మొహం తెలియనివాళ్ళు. అక్కడ పాత సలహాలే సరైనవి, షరతు లేని కార్డే మేలు. అదే అరీనాలో స్నేహితుణ్ణి నేరుగా ఆటకు పిలిచే సదుపాయం ఉంది. అలా ఆడేటప్పుడు డెక్ మార్చుకోండి, ఇక్కడ రాసినవన్నీ మళ్ళీ పనికొస్తాయి. తెలియనివాళ్ళ కోసం ఒకటి, మనవాళ్ళ కోసం ఒకటి, రెండు డెక్‌లు కట్టి ఉంచుకోవడం ఉత్తమం.

సైడ్‌బోర్డ్‌లో 15 కార్డులకు చోటుంటుంది. మూడింట రెండు గెలవాల్సిన ఆటల్లో మొదటి ఆట అయ్యాక వీటిలోంచి మార్చుకోవచ్చు. ఆ పదిహేనునూ మనుషుల వారీగా పంచండి. నలుపు కట్టే బావ కోసం గో ఫర్ ద త్రోట్ మూడు. బోగుల్ తమ్ముడి కోసం ఈడిక్ట్ మూడు. మన మండలంలోని జమలాపురం గుడి దగ్గర కొట్టు చూసుకుంటూ శనివారాలు కుదరక ఆదివారమే వచ్చే అన్నది ఎల్ఫ్‌ల డెక్ అయితే, అతని కోసం ఫేటల్ పుష్ నాలుగు. గ్రేవ్‌డిగ్గర్‌తో విసిగించే చెల్లెలి కోసం, మీది తెలుపు కలిసిన డెక్ అయితే పాసిఫిజమ్ మూడు. మిగిలిన రెండు చోట్లలో మర్డర్ పెట్టండి. మూడు మానాలు ఎక్కువే, నేనే పైన వద్దన్నాను. కానీ సెలవులకు విజయవాడ నుంచి ఎవరి చుట్టమో వస్తాడు, వాడి డెక్ ఏమిటో ఎవరికీ తెలియదు. వాడితో ఆడే మొదటి రోజుకు మర్డర్ ఉంచుకోండి, ఆ రాత్రే వాడి పేరు నోటుబుక్కులో ఎక్కించండి.